సున్నా చూపించందే బండి ఎక్కదు

“ఇంగో బిడ్డా, వాడేమంటుండంటే, మిషిన్ బంద్ చేసి మల్ల షురూ చెయ్యుమంటుండు.”

“చేసిన పెద్దమ్మా! మూడుసార్లు చేసిన. ఇంకేమన్న ఉపాయం ఉన్నదా అడుగుండ్రి.”

అటువైపు కడియాల చప్పుడు దూరమైంది. పెద్దమ్మ నడవ దాటి, లోపలి గది గుమ్మం దగ్గర నిలబడి, నా మాట కొడుక్కి చెప్పి, కొడుకు మాట విని మళ్ళీ ఫోన్ దగ్గరికి రావాలి. ఈ లోపల నేను రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కిటికీలోంచి చూస్తున్నాను. బయట చెరుకు బండ్ల వరస కాటా దగ్గర మొదలై రోడ్డు మలుపు దాకా పోయింది. ఎడ్లు నెమరేస్తున్నాయి. మనుషులు మాత్రం నెమరేయడం లేదు, అందరూ నా కిటికీ వైపే చూస్తున్నారు.

“ఆఁ బిడ్డా, వింటున్నవా? వాడేమంటుండంటే, నోట్‌బుక్‌ల సూడుమంటుండు. అంతా అండ్లనే ఉన్నదట.”

“అన్నకే ఇయ్యుండ్రి పెద్దమ్మా ఫోను, ఒక్క నిమిషం.”

“తల్లి ఇంట్లున్నది బిడ్డా. తొమ్మిది దినాలు కరెంటు సామాను ముట్టద్దు.”

సంగతేమిటంటే, మా అన్నకి ఆటలమ్మ పోసింది. వేపాకు పరుపు మీద పడుకుని గోక్కోకుండా చేతులు కట్టుకుని ఉన్నాడు. కాటా దగ్గర కంప్యూటర్ వారంలో మూడోసారి బిగుసుకుపోయింది. దాని ముందు ఉన్నది నేను ఒక్కదాన్నే.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. నిజామాబాద్‌లో బస్టాండు వెనక సందులో, ఒక మేడ మీద రెండు కంప్యూటర్లు పెట్టుకున్న మనిషి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా సందుకి అదే పెద్ద వింత. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు చదివి, కొన్నాళ్ళు ఏదో కంపెనీలో పనిచేసి, అక్కడ పడక ఊరికి వచ్చేశాడు. నేను పది పాసై, ఇంటర్ మధ్యలో ఆపేసి, టైపు నేర్చుకున్నదాన్ని. అర్జీలు, పెళ్ళి పత్రికలు కొట్టడానికని నన్ను పెట్టుకున్నాడు.

అయితే అన్నకి ఒక అలవాటు ఉండేది. ప్రోగ్రాం ఏదైనా ముందు పెన్సిల్‌తో పొడుగు నోట్‌బుక్కులో రాసుకునేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే బుర్ర పనిచేయదట. ఆ రాసింది కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చీమలబారు చూసి కొట్టినట్టు కొట్టేదాన్ని. ఒకసారి ఒక బ్రాకెట్ వదిలేశాను. దానికోసం ఆయన రోజంతా వెతికి, సాయంత్రం నన్ను తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని, “గీ బ్రాకెట్ ఎందుకున్నదో సమజైతే ఇంకోసారి ఇడువవు,” అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి రోజుకో ముక్క. ఏడాది తిరిగేసరికి ఆయన రాసిన దాంట్లో కామా తప్పితే నేనే దిద్దేదాన్ని. అట్లా అని నాకు అంతా వచ్చని కాదు. వంట చేసేవాళ్ళ పక్కన కూర్చుని కూరగాయలు తరిగిన మనిషికి వంట ఎంత వస్తుందో అంత వచ్చు.

బోధన్ అవతల, చెరుకు కొనే ఒకాయన కాటా పని మాకు వచ్చింది. బండి కాటా ఎక్కగానే ఎంత తూగిందో ఒక డబ్బా మీద ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకె కంప్యూటర్‌లోకి రావాలి, చిట్టీ అచ్చు కావాలి. డబ్బా మాట్లాడేది ఒక భాష, కంప్యూటర్‌ది ఇంకో భాష. మధ్యలో దుబాసీలాగా నిలబడి అటు మాట ఇటు చెప్పే చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. అన్న రాశాడు, నేను కొట్టాను. షాపులో నెల రోజులు చూశాం, ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈ పని నిలబడితే షాపు నిలబడుతుంది. షాపు నిలబడితే నేను చాట ముందు కూర్చోనక్కర్లేదు. చాట అంటే బీడీల చాట. మా అమ్మను అవ్వ అంటాం. ఇంట్లో అవ్వ, అక్క, నేను, ముగ్గురం బీడీలు చేసేవాళ్ళం. నేను కంప్యూటర్ పనికి పోతానన్నప్పుడు అవ్వ ఒక గడువు పెట్టింది.

“గీ చెరుకు కాలం అయ్యేదాక పో. ఆ పని నిలవడ్డదా, పోతనే ఉండు. నిలవడలేదా, గప్‌చుప్ అచ్చి చాట ముంగట కూసో.”

బీడీ ఆకు కత్తిరించే నా కత్తెర మేకుకి అట్లాగే వేలాడదీసి ఉంచింది. వారం వారం దానికి నూనె రాసేది. తుప్పు పట్టకుండా అనేది గానీ, నాకు తెలుసు ఎందుకో.

ఆ రోజు పొద్దున కాటా యజమాని, మేమంతా సారు అనేవాళ్ళం, మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బిగుసుకుపోయిన తెరను చూశాడు. బయట వరసను చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“రేపు పొద్దున ఎనిమిదింటికి అస్త. నా కండ్ల ముంగట బండ్లు ఎక్కాలె, చిట్టీలు రావాలె. ఇయ్యాల ఏం చేసుకుంటవో చేసుకో. రేపు ఆగిందనుకో, ఖాళీగ పోయే బండ్ల మీ కంప్యూటర్‌ను ఎక్కిచ్చి నిజామాబాద్ పంపుత. నువ్వు గూడ దానెంబడే కూసో, టికెట్ మిగుల్తది.”

కాటా దగ్గర చిచ్చా నవ్వాడు. చిచ్చా అంటే కాటా గుమాస్తా, ముసలి మనిషి, ఎర్ర సిరాతో ముప్పై ఏళ్ళుగా తూకాలు రాసినవాడు. కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ పెన్ను మూత తీసి, డబ్బా మీది అంకె చూసి, తన పుస్తకంలో ముత్యాల్లాంటి అంకెలు రాసేవాడు. ఆయనకి నా మీద కోపం లేదు. నా కంప్యూటర్ మీద జాలి ఉండేది, అంతే.

“ఫికర్ చెయ్యకు బేటీ. నా పెన్ను గూడ అప్పుడప్పుడు అట్కుతది. జాడిస్తె నడుస్తది.”

“దీన్ని ఎట్ల జాడించాలె చిచ్చా!”

నోట్‌బుక్కు తెరిచాను. మూసేశాను. అన్న నాకు నేర్పినవాటిలో ఒక చిన్న ఆజ్ఞ గుర్తొచ్చింది. అది కొడితే కంప్యూటర్‌లో ఇంకా ఎంత మెమరీ ఖాళీగా ఉందో చూపిస్తుంది. మెమరీ అంటే లోపలి ప్రోగ్రాంలన్నీ పని చేసుకునే జాగా. ఎవరికి కావలసినంత వాళ్ళు అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. కంప్యూటర్‌ని మళ్ళీ లేపి ఆ ఆజ్ఞ కొట్టాను. అంకె ఒకటి వచ్చింది. చిట్టీ కాగితం వెనక రాసుకున్నాను. ఒక బండి తూగింది. మళ్ళీ కొట్టాను. తగ్గింది. ఇంకో బండి. ఇంకా తగ్గింది. నాలుగు బండ్లు తూగేసరికి నా ముందు మెట్లు దిగుతున్నట్టు నాలుగు అంకెలు. ఎవరో తీసుకున్న జాగా తిరిగి ఇవ్వడం లేదు. ఇట్లా తగ్గుతూ తగ్గుతూ ఏదో ఒక పూట అడుగంటుతుంది, అప్పుడు బిగుసుకుపోతుంది. ఆగిపోవడానికి కారణం దొరికిందని సంతోషపడ్డాను గానీ, ఆ ఎవరో ఎవరన్నది తెలియదు.

ఐదోది ట్రాక్టర్. తోలుకొచ్చినవాడు తొందరలో ఉన్నాడు, బోధన్‌లో ఏదో పెళ్ళి ఉందట.

“జల్ది కానియ్యి చిచ్చా, సున్న గిన్న అక్కర్లేదు, నువ్వేందో నాకెర్క లేదా!”

తూగింది, పోయింది. నేను మెమరీ చూశాను. తగ్గలేదు! అంకె ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ కొట్టాను. అంతే ఉంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“చిచ్చా, ఆయన ఏం వద్దన్నడు?”

“సున్న.”

అప్పటిదాకా నేను రోజూ చూస్తున్నాను గానీ చూడలేదు. పాత కాటాకి ముల్లు ఉండేది. బండి ఎక్కకముందు రైతు వచ్చి, ముల్లు నడిమికి ఉందా లేదా అని తన కళ్ళతో చూసుకుని, అప్పుడు ఎడ్లను అదిలించేవాడు. ముల్లు పోయి ఎర్ర అంకెల డబ్బా వచ్చాక వాళ్ళకి నమ్మకం కుదరలేదు. అంకెలకేముంది, ఎవడైనా ముందే కొంచెం కలిపి పెట్టొచ్చు. అందుకని చిచ్చా తనంతట తనే ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి బండికీ ముందు డబ్బా స్విచ్చి ఆపేసి మళ్ళీ వేస్తాడు. డబ్బా లేచేటప్పుడు అడ్డంగా అన్నీ ఎనిమిదులు వెలుగుతాయి, కాసేపటికి అవి పోయి ఒక్క సున్నా మిగులుతుంది. రైతు ఆ సున్నా చూసి “ఆఁ, ఎక్కియ్యుండ్రి” అంటాడు. అప్పుడే బండి కదులుతుంది.

మేం షాపులో నెల రోజులు డబ్బాను ఒక్కసారి కూడా ఆపలేదు. పొద్దున వేస్తే సాయంత్రం దాకా వెలుగుతూనే ఉండేది. ఇక్కడ రోజుకి బండ్లెన్ని ఉంటే అన్నిసార్లు ఆపుతున్నారు.

ఎగురుకుంటూ ఫోన్ దగ్గరికి పోయాను. పెద్దమ్మ కడియాలు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

“ఇంగో బిడ్డా, వాడేమంటుండంటే, ఆ స్విచ్చికి టేపు అతికియ్యుమంటుండు. ఎవ్వరిని ముట్టనియ్యకుమంటుండు. వాడు లేచినంక సూసుకుంటడట.”

ఇంత సులువా అనుకున్నాను. నల్ల టేపు తెచ్చి స్విచ్చికి అడ్డంగా రెండు వరసలు అతికించాను. తర్వాతి బండిని రమ్మన్నాను. చిచ్చా పెన్ను మూత తీసి పెట్టుకున్నాడు. బండి రాలేదు. దాని యజమాని వెనక్కి తిరిగి వెనక బండివాడితో ఏదో అన్నాడు. ఆ మాట వరస చివరిదాకా పోయింది. చివరనుంచి ఒక తాత కర్ర పట్టుకుని నడిచి వచ్చాడు. పల్చటి మనిషి, గొంతు మాత్రం పల్చన కాదు.

“ఎవలమ్మా, సున్న సూపియ్య అన్నది?”

“నేనే తాత. సున్న ఉంటది, లోపల ఉంటది. ఇగో సూడు, ఇప్పుడు గూడ సున్ననే ఉన్నది.”

“గది ఎప్పటి సున్ననో నాకేమెరుక? ఆర్పు, ముట్టియ్యి, నా కండ్ల ముంగట లేవాలె. నేను పుట్టిచ్చిన బిడ్డనైతె సూడకున్న నమ్ముత. కాటా నా బిడ్డనా?”

వరసంతా నవ్వింది.

“కంప్యూటర్ ఆగుతున్నది తాత, గందుకే.”

“ఆగితె నీ కంప్యూటర్‌ని సక్కగ చేస్కో. మా సున్ననెందుకు ఆపుతవు?”

ఎండలో చెరుకు ఎండుతోంది, గంట గంటకీ బరువు తగ్గుతోంది. మా బాపు, అంటే నాన్న, చెరుకు వేసి ఉంటే, ఆయన కూడా ఇట్లాగే కర్ర పట్టుకుని వచ్చేవాడు. వెళ్ళి టేపు పీకేశాను. దానితో పాటు కొంచెం రంగు కూడా ఊడొచ్చింది.

“షాబాష్,” అన్నాడు చిచ్చా. “ఇప్పుడు జాడించు.”

నోట్‌బుక్కు ఈసారి నిజంగా తెరిచాను. డ్రైవర్ పనిలోకి దిగేటప్పుడు ఏమేం చేయాలో అన్న రాసిన పేజీ అది. నేను ఎన్నోసార్లు కొట్టిందే. ఈసారి కొట్టడానికి కాకుండా చదవడానికి చదివాను. మొదట మెమరీలో జాగా అడిగి తీసుకుంటుంది. తర్వాత డబ్బాతో మాట్లాడటానికి కిటికీ లాంటిది ఒకటి తెరుస్తుంది. తర్వాత ఒక గంట కట్టుకుంటుంది, డబ్బా దగ్గర అంకె తయారైనప్పుడల్లా ఆ గంట మోగాలి. ఈ మూడూ అయ్యాక డబ్బాను “ఉన్నావా?” అని పిలుస్తుంది.

డబ్బా ఆగినప్పుడల్లా ఈ పనంతా మళ్ళీ మొదటి నుంచి. డబ్బా ఉంటే పలుకుతుంది. కానీ అప్పుడే ఆపి వేసిన డబ్బా ఎనిమిదులు వెలిగించుకుంటూ ఉంటుంది, పలకదు. పలకకపోతే డ్రైవర్ ఏం చేయాలి? అన్న రాశాడు. కాసేపు ఆగి, గంట విప్పేసి, కిటికీ మూసేసి, వెళ్ళిపోవాలి. కొంచెం ఆగి మళ్ళీ మొదటి నుంచి రావాలి. మళ్ళీ జాగా, మళ్ళీ కిటికీ, మళ్ళీ గంట. డబ్బా లేచేదాకా రెండు మూడుసార్లు ఇట్లా వచ్చిపోతుంది.

వేలు పెట్టి మళ్ళీ చదివాను. గంట విప్పాడు. కిటికీ మూశాడు. జాగా?

జాగా తిరిగి ఇవ్వలేదు! కిటికీ మూయకపోతే రెండోసారి వచ్చినప్పుడు “ఇది ఎవరో తెరిచి ఉంచారు” అని తగాదా వచ్చేది, షాపులో మొదటిరోజే బయటపడేది. జాగా సంగతి అట్లా కాదు. ఎవరూ అడగరు. వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త జాగా తీసుకుని, అక్కడే వదిలేసి పోవడమే. బండికి రెండు మూడు జాగాలు. అన్న అంత పెద్ద చదువు చదివి ఇంత మాట మర్చిపోయాడా అని మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఆ పేజీ కొట్టింది నేనే కదా, నాకూ కనిపించలేదు కదా అనుకుని నవ్వు ఆపుకున్నాను.

దొరికిన సంతోషంలో ఒక్క లైను రాశాను. డబ్బా పలకలేదు అన్న మాట కిందే, అన్నిటికంటే ముందు, జాగా తిరిగి ఇచ్చేయమని. ఇన్నాళ్ళు మర్చిపోయిన మాట కదా, అన్నిటికంటే ముందు దానికే మర్యాద చేశాను. డ్రైవర్‌ని మళ్ళీ తయారుచేసి ఎక్కించాను.

మొదటి బండి. సున్నా. తూకం. చిట్టీ. మెమరీ చూశాను, తగ్గలేదు. రెండో బండి. తగ్గలేదు. చిచ్చా వైపు తిరిగి కళ్ళెగరేశాను. చిచ్చా పెన్నుకి మూత పెట్టేశాడు.

మూడో బండికి చిచ్చా స్విచ్చి ఆపి వేశాడో లేదో, తెర నిండా పిచ్చి అంకెలు పరుచుకుని కంప్యూటర్ కొయ్యబారిపోయింది. ఇంతకుముందు ఒకటి రెండు రోజులైనా నడిచేది. నేను బాగుచేశాక మూడో బండికే ఆగింది.

చిచ్చా నెమ్మదిగా మూత తీశాడు. బయట తాత గొంతు వినిపించింది.

“అయిందా సక్కగ?”

ఆ మాటకి నవ్వని మనిషి లేడు. నేను కూడా నవ్వాను, ఏడుపు రాకుండా ఉండాలంటే అదే దారి. మళ్ళీ లేపితే కంప్యూటర్ తన డిస్కునంతా మూల మూలలా తనిఖీ చేసుకుంటూ కూర్చుంది. అది అయ్యేదాకా చేసేదేం లేదు. రొట్టె డబ్బా తీసుకుని వరండాలో గోడ నీడకి పోయి కూర్చున్నాను. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు. సగం రొట్టె తినేదాకా నా కళ్ళ ముందు కనిపించింది మేకుకి వేలాడే కత్తెరే.

వరండా ఎదురుదాకా వచ్చిన తాత బండి నీడలో ఆయన కోడలు కూర్చుని బీడీలు చేస్తోంది. వరసలో పొద్దంతా ఊరికే ఎందుకు కూర్చోవాలని చాట వెంట తెచ్చుకుంది. వరస ముందుకి కదిలినప్పుడల్లా బండితో పాటు ఆమె కూడా లేవాలి. నేను రొట్టె తింటూ ఉండగా, చిచ్చా చేత్తో రాసి ఒక బండిని పంపితే వరస కదిలింది. ఆమె ముందు దారం చుట్టి కొంగులో పెట్టుకుంది. తర్వాత చాటలోని పొగాకు పొడిని, తంబాకును, డబ్బాలో పోసి మూత పెట్టింది. చివరికి కత్తిరించిన ఆకును తడిగుడ్డలో చుట్టింది. లేచింది, నాలుగడుగులు నడిచింది, కూర్చుంది. మళ్ళీ ఆకు, తంబాకు, దారం.

నా చేతులు రొట్టె మీద ఆగిపోయాయి. చిన్నప్పుడు నేను అవ్వ దగ్గర మొదటి దెబ్బ తిన్నది దీనికే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేస్తూ, ముందు తడిగుడ్డ తీసి ఆకు చుట్టి, ఆ తడిచేతులతోనే తంబాకు ఎత్తాను. తంబాకు ముద్దయిపోయింది.

“తడిచేతులతోని తంబాకు ముడ్తరానే! ఎనక తీసింది ముందుగల్ల పెట్టాలె. ముందుగల్ల తీసింది ఆఖర్కి పెట్టాలె. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

చాట ముందు కూర్చున్నప్పుడు మొదట తీసేది ఆకు. దాని తర్వాత తంబాకు. ఆఖరికి దారం. లేచేటప్పుడు దారం, తంబాకు, ఆకు. మా సందులో ఆడవాళ్ళందరికీ నిద్రలో కూడా ఈ వరస తప్పదు.

మరి నేను చేసిందేమిటి? డ్రైవర్ మొదట తీసింది జాగా, తర్వాత కిటికీ, ఆఖరికి గంట. లేచేటప్పుడు నేను జాగాను అన్నిటికంటే ముందు ఇచ్చేశాను. గంట ఇంకా కట్టే ఉంది. అన్న రాసిన ఆ “కాసేపు ఆగు” అన్న మాట కూడా గంట విప్పడానికి ముందే ఉంది. ఆ కాసేపట్లో డబ్బా ఎనిమిదులు అయిపోయి లేచి కూర్చుంటే? గంట మోగుతుంది, అంకె వస్తుంది. దుబాసీ ఆ అంకెను తెచ్చి తన జాగాలో పెట్టబోతుంది. జాగా అప్పటికే తనది కాదు. ఎవరికో ఇచ్చేసిన జాగాలో పడేస్తుంది. కొయ్యబారదా మరి!

రొట్టె చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తాను. తొక్కు అంటిన వేళ్ళతో కీబోర్డు ముట్టబోయి, మళ్ళీ బయటికి పోయి చేతులు కడుక్కుని, లంగావోణీకి పొడిగా తుడుచుకుని వచ్చాను. ఒక లైను ఒక చోట తీసి ఇంకో చోట పెట్టడమే పని. గంట విప్పు. కిటికీ మూయి. ఆఖరికి జాగా ఇచ్చేయి.

బండి. సున్నా. తూకం. చిట్టీ. తగ్గలేదు. రెండో బండి, తగ్గలేదు. మూడో బండికి చిచ్చా స్విచ్చి మీద చేయి పెట్టి నా వైపు చూశాడు.

“ఆపనా బేటీ?”

“ఆపుండ్రి.”

ఆపాడు. వేశాడు. ఎనిమిదులు. సున్నా. బండి ఎక్కింది, అంకె వచ్చింది, చిట్టీ వచ్చింది. తర్వాత నాలుగు, ఐదు, పది. చిట్టీ వెనక నేను రాసుకుంటున్న అంకెలు మెట్లు దిగడం మానేసి ఒకే గట్టు మీద నడిచినట్టు నడిచాయి. కొంతసేపటికి రాయడం కూడా మానేశాను. చిచ్చా పెన్ను జేబులోకి పోయింది. పొద్దుగూకి వెలుగు తగ్గాక కాటా ఆపేశారు. పొద్దున పోయిన టైము వల్ల తాత బండి దాకా రాలేదు. వరసలో అదే మొదటిదయి ఆగిపోయింది.

“రేపు పొద్దుగాల నీదే మొదటి బండి తాత,” అన్నాను, తప్పు చేసినదానిలాగా.

“మంచిదేగా. పొద్దుగాల సున్న ఇంక తాజాగ ఉంటది,” అన్నాడు.

బస్సు ఎక్కేముందు పెద్దమ్మకి ఫోన్ చేసి, జాగా ఆఖరికి ఇచ్చేస్తే కాటా ఆగకుండా నడిచిందని అన్నకి చెప్పమన్నాను. ఈసారి కడియాలు తొందరగా పోయి తొందరగా వచ్చాయి.

“ఇంగో బిడ్డా, వాడేమంటుండంటే... ఏమంటలేడు. మొగోడు ఎల్లకిల పండి నవ్వుతుండు. గోకుడు గూడ బంద్ చేసిండు. గా మాటల నవ్వేటిదేమున్నదే?”

“తడిచేతులతోని తంబాకు ముట్టద్దని గూడ చెప్పుండ్రి.”

ఇంటికి పోయాక అవ్వకి చెబితే, మొదట ఏమీ అర్థం కానట్టు చూసింది. ఆకు, తంబాకు, దారం అని నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చెబితే, ముఖం చిట్లించింది.

“గింత మాటకు అంత పెద్ద సదువు సదువాల్నా? నన్నడిగితె నేను చెప్పకపోదునా?”

“నువ్వు చెప్పిందే అవ్వా. దెబ్బ గూడ ఏసినవు.”

అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు. “రేపు ఆ సారు ఒప్పుకున్నంక చెప్పు,” అంది. కత్తెర మేకుకే ఉంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగాను. ఎనిమిదింటికి సారు వచ్చి, చేతులు కట్టుకుని నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తాత బండి కాటా ముందు సిద్ధంగా ఉంది, కోడలు అప్పుడే తంబాకు డబ్బాకి మూత పెడుతోంది. చిచ్చా స్విచ్చి వైపు చేయి చాపబోతే, “నేనేస్త చిచ్చా,” అన్నాను.

ఆపాను. వేశాను. ఎనిమిదులు పోయి సున్నా వచ్చింది. తాత తల ఊపాడు. నేను బండిని పిలవలేదు. మళ్ళీ ఆపాను, వేశాను. ఎనిమిదులు, సున్నా. మళ్ళీ. మళ్ళీ. వెనక సారు కట్టుకున్న చేతులు ఎప్పుడు వదిలాడో నాకు తెలియదు గానీ, తెర మీదికి వంగి చూస్తున్నాడని ఆయన చొక్కా వాసన చెప్పింది. వరసలో మనుషులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కంప్యూటర్ ప్రతిసారీ దుబాసీని లోపలికి పంపుతోంది, అది ప్రతిసారీ తీసుకున్నవన్నీ తిరిగి పెట్టేసి వస్తోంది, తెర బిగుసుకోవడం లేదు.

“ఇగ సాలు బిడ్డా,” అని అరిచాడు తాత, “సున్న సూసి సూసి ఎడ్లు బెదురుతున్నయి!”

ఇంకొక్కసారి ఆపి, వేసి, సున్నా వచ్చేదాకా చూసి, కిటికీలోంచి చేయి బయటికి పెట్టి తాత బండిని పిలిచాను.